నాయనమ్మ మెడలో బిళ్ల

మనవరాలు సంచి సర్దుకుంటోంది. నేను దాని వెనకే నిలబడి, అది తీసి పక్కన పెట్టినవన్నీ మళ్లీ లోపల పెడుతున్నాను. జ్వరం మాత్రలు, సూదీ దారం, టార్చిలైటు, రెండో దుప్పటి.

"అమ్మమ్మా, నేను వెళ్లేది బస్సులో. అదీ నాలుగు రోజులకి. నువ్వేమో సముద్రం దాటించేలా సర్దుతున్నావు."

"దుప్పటేమన్నా నిన్ను కరుస్తుందా? ఉండనీ."

"కరవదులే. మోసి మోసి నా నడుం విరుగుతుంది. అప్పుడు నీ మాత్రలు పనికొస్తాయి."

నవ్వాను కానీ దుప్పటి తీయలేదు. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా నాకు గుండె దడే. నాయనమ్మ దగ్గర అబ్బిన అలవాటు అది.

నన్ను పెంచింది నాయనమ్మే. పంతొమ్మిదేళ్లప్పుడు తోట పనికి ఓడలో ఈ దేశం వచ్చింది. ఎక్కేముందు ఒక్కొక్కరి మెడలో నంబరు వేసిన రేకు బిళ్ల కట్టారట. "అక్క వెనక ఓడలో వస్తుంది" అనేది. రేవులోకి ఓడ వచ్చిందని తెలిస్తే చాలు, పని మానుకుని పరిగెత్తేది. ఆ అక్క అసలు ఓడ ఎక్కిందో లేదో మాకెవరికీ తెలియదు. పోయేముందు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "అక్క సంగతి కనుక్కోవే" అంది. నాకిప్పుడు డెబ్భై తొమ్మిది. బడి మొహం చూడకుండా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. రికార్డులు నాకెవరు చూపిస్తారు? ఇన్నాళ్లకి కాలేజీలో మనవరాలిని, కుటుంబం ఎలా వలస వచ్చిందో రాసుకు రమ్మన్నారు. ఓడల రికార్డులుండే ఆఫీసుకి వెళ్లి చూడమని ఇక దాని ప్రాణం తీశాను.

"బిళ్ల నంబరు గుర్తుందా?" అడిగాను.

"నా పేరైనా మర్చిపోతాను కానీ అది మర్చిపోతానా? పెట్టె తాళానికి అదే, నా ఫోనుకి అదే, అమ్మ బీరువాకీ అదే. దొంగకి మన ఓడ కథ తెలిస్తే ఇల్లు ఊడ్చుకుపోతాడు."

నిజమే. నాలుగు, ఎనిమిది, ఒకటి, ఏడు. మా ఇంట్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు అదే నేర్పుతాం. ఎక్కడైనా తప్పిపోతే చెప్పాలని నాయనమ్మ పెట్టిన నియమం. ఎవరికి చెప్పాలో, విన్నవాళ్లేం చేస్తారో ఏ తరంలోనూ ఎవరూ అడగలేదు.

రెండోరోజు మధ్యాహ్నం ఫోను చేసింది.

"అమ్మమ్మా, ఇక్కడి గుమస్తా నీకు తోడబుట్టినవాడిలా ఉన్నాడు. పెన్ను లాక్కుని పెన్సిలిచ్చాడు. పేజీ తిప్పితే దగ్గుతాడు, ఇంకోటి తిప్పితే లేచి నిలబడతాడు. సరే, నంబరు దొరికింది. మీ నాయనమ్మ ఎత్తెంత?"

"నా భుజం దాకా."

"ఇందులో ఉన్నామె ఐదడుగుల ఐదంగుళాలు. ఇరవై ఆరేళ్లు. ఎడమ చెంప మీద కాలిన మచ్చ."

"మచ్చేంటే? కళ్లజోడు పెట్టుకుని చూడు."

"పెట్టుకునే ఉన్నా తల్లీ. కింద వరసలో ఇంకో అమ్మాయి ఉంది. అదే తండ్రి, అదే ఊరు. పంతొమ్మిదేళ్లు, పొట్టి. కళ్ల జబ్బు, ఓడకి పనికిరాదు, వెనక్కి పంపాలి అని డాక్టరు రాశాడు."

నాయనమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండి నీరు కారేవి. పొయ్యి పొగ అనేది, పొయ్యి వెలిగించని రోజున కూడా. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలికేది కాదు. చెవుడనుకున్నాం.

"బిళ్లలు మార్చుకున్నారే" అన్నాను. "అక్క పేరుతో నాయనమ్మ ఎక్కేసింది. అక్కకి జబ్బు లేదుగా. ఇంకోసారి పరీక్షకి నిలబడి వెనక ఓడ ఎక్కొచ్చనుకున్నారు."

"అంటే ఇన్నేళ్లూ మనం వల్లించింది అక్క నంబరా?"

"తర్వాతి ఓడలు చూడు."

"ఎన్ని?"

"అన్నీ."

"ఏ పేరుతో వెతకను అమ్మమ్మా?"

"పేరొద్దు. మచ్చతో వెతుకు."

"గుమస్తా గెంటేస్తాడు."

"గెంటితే గుమ్మంలో కూర్చో. ఇంకో వారమైనా ఉండు."

"ఇదిగో, ఎవరండీ మాట్లాడేది? మా అమ్మమ్మ ఫోను కొట్టేశారా?"

అది ఇంకో ఆరు రోజులు ఉంది. ఓడ తర్వాత ఓడ, ఒక్కొక్కరి గుర్తులూ చదివింది. మశూచి మచ్చలున్నాయి, పచ్చబొట్లున్నాయి, కొడవలి గాట్లున్నాయి.

నాయనమ్మ అక్క రాలేదు. తోట పనివాళ్లని తెచ్చిన ఆఖరి ఓడ పంతొమ్మిది వందల పదహారు ఆగస్టులో వచ్చింది. అందులోనూ లేదు.