జోడి విప్పిన పొద్దు

చంపావతి నది పొంగి మా పల్లపు మళ్ళన్నీ ఇసుక మేట వేసిన ఏటికి తర్వాతి ఏడు. ఆ వరదలో నా ఎడ్లలో ఒకటి కొట్టుకుపోయింది. మా బావ జగన్నాధానికీ ఒకటే మిగిలింది. చెరో ఎద్దూ కలిపి జోడి కట్టాం. ముందు అతని మడి, తర్వాత నా మడి. రెండెడ్లూ అతని పశువుల సాలలోనే ఉండేవి. ఒక చుట్ట ఇద్దరం పంచుకున్నవాళ్ళం, అనుమానం ఎందుకొస్తుంది?

బావ అంటే నా చెల్లెలు తవిటమ్మ మొగుడు. వాళ్ళకి ముగ్గురు ఆడపిల్లలు. మూడో కాన్పులో రక్తం ఆగక తవిటమ్మ చచ్చి బతికింది. ఇంకో కాన్పు అయితే మనిషి దక్కదని గజపతినగరం డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఎండాకాలంలో మళ్ళీ నెల తప్పింది. ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాం. ఆవిడ కళ్ళు తుడుచుకుంది గాని, కడుపు తీస్తే జైలేనని, చట్టం ఒప్పుకోదని పంపేసింది.

తిరిగి వస్తూ బండిలోనే తవిటమ్మ చెప్పింది, ఈ కడుపు తనకి వద్దని. బావ ఎడ్లని అదిలించాడు. తర్వాత, పిల్లలకి తల్లి ఉంటే చాలన్నాడు. మంత్రసాని కూర్మమ్మని పిలుచుకొచ్చింది అతనే. మందు తాగేటప్పుడు చెల్లెలి తల పట్టుకున్నదీ అతనే. నేను గుమ్మం బయట కూర్చున్నాను. తవిటమ్మ మంచం పట్టింది, కాని బతికింది.

తొలకరి పడ్డాక బావ సోదెమ్మ దగ్గరికి వెళ్ళాడు. పంట ఎలా ఉంటుందో అడగడానికే వెళ్ళాడు. ఆమె చేటలో బియ్యం కదిపి, మీ గడప దాకా మగబిడ్డ వచ్చి వెనక్కి పోయాడంది. ఆ రోజు నుంచి బావ నాతో నాగలి పట్టాడు గాని మాట్లాడలేదు.

ఒక సాయంత్రం పోలీసు హెడ్డు మునసబు గారి అరుగు మీద కూర్చుని మమ్మల్ని పిలిపించాడు. ఫిర్యాదు ఎవరిదో అక్కడే తెలిసింది. తను ఊళ్ళో లేనప్పుడు పెళ్ళాం, మంత్రసాని కలిసి చేశారని బావే వెళ్ళి చెప్పాడట.

కూర్మమ్మ బావ ముందుకొచ్చి చెయ్యి చాపింది. "నీ బొడ్డు కోసిన సెయ్యిరా ఇది. ఈ సెయ్యట్టుకుని నన్ను తీసుకెల్లినోడివి నువ్వు కావేటి?"

బావ నేల చూశాడు. "నాకేటీ తెల్దు బాబూ" అన్నాడు హెడ్డుతో.

నాకు మాటలు తక్కువ. లేచి, అందరం కలిసే చేశామని, నన్నూ పట్టుకెళ్ళమని చెప్పాను. మొగుడి మాట ముందు బావమరిది మాట నిలవదని హెడ్డు నవ్వాడు. కూర్మమ్మని తీసుకుపోయాడు. తవిటమ్మని నడవగలిగాక తీసుకురమ్మన్నాడు.

తర్వాత కొన్నేళ్ళకి చట్టం మారిందని రేడియోలో విన్నాను. డాక్టరు సరే అంటే తప్పు కాదట. మోసే మనిషి వద్దనుకుంటే మాత్రం చాలదట. నాది మూడో తరగతి చదువు, చట్టాలు తెలియవు. చచ్చేది ఎవరో ఆ మనిషిని అడగాలని తెలుసు. బావకి చట్టం మీద గౌరవం ఏమీ లేదు. మా మీద విసరడానికి చేతికి దొరికింది, విసిరాడు.

హెడ్డు వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే సాలలోకి వెళ్ళి నా ఎద్దు పలుపు విప్పాను. ఆ రోజు దున్నవలసింది నా మడే. బావ గుమ్మంలోకి వచ్చాడు.

"ఒంటెద్దుతో ఏటి దున్నుతావురా? నారు ముదిరిపోతాది."

నేను ఎద్దుని బయటికి తోలాను. తవిటమ్మ గోడ పట్టుకుని బయటికి వచ్చింది. పిల్లల్ని మా ఇంటికి పంపేసింది. నేను ఎద్దుని కూడా అటే తిప్పబోయాను.

"ఇంటికి కాదన్నా, టేసనుకి. నానడిగితేనే కూర్మమ్మ మందిచ్చిందని సెప్తాను. నా పేనం గురించి అందరూ సెప్పీవోల్లే, నన్ను అడిగినోడు లేడు."

తవిటమ్మ ఎద్దు వీపు మీద చెయ్యి ఆనించి బయల్దేరింది. నేను పలుపు పట్టుకుని, ఆమె నడకకి తగ్గట్టు ఎద్దుని మెల్లగా నడిపించాను.