లొరేటా రెండో కవరు

బిస్కెట్ డబ్బా తెరిచేది ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు. నేను ఒంటిగంటకే వెళ్లి కామిక్స్ కొట్టు ఎదురుగా ట్రక్కులో కూర్చున్నాను. ముసుగు వేసుకుని నీళ్ల మీద పరిగెత్తేవాడి సినిమా గురించి డెబ్బై ఏళ్ల వయసులో నాకింత గుబులు పుడుతుందని ఎవరైనా అని ఉంటే, వాణ్ణి మా ధాన్యం గిడ్డంగి మెట్ల మీంచి దించేసేవాణ్ణి.

ఆ పిచ్చి నాది కాదు, నా భార్య లొరేటాది. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు వండి పెట్టింది. పిల్లలెవరో వదిలేసిన బొమ్మల పుస్తకంతో మొదలైంది. తర్వాత రేవు కాపరి సినిమాలు వచ్చాయి. ఆ కథలో వీరుడు రేవు కాపరి, ఓడరేవు ఉన్న ఊరిని కాపాడుతుంటాడు. తొమ్మిదేళ్లలో నాలుగు సినిమాలు. ప్రతి ఆదివారం నాడీన్ కోల్బ్ కామిక్స్ కొట్లో వెనక బల్ల దగ్గర ఆమె, మరికొందరు కూర్చుని వాటి గురించి వాదించుకునేవారు. నేను ఆమెను దింపేవాణ్ణి, మళ్లీ ఎక్కించుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. పల్లెలో రెండు గదుల బడిలో చదివినవాణ్ణి. అసలు లోకంలోనే లేనివాడికి శత్రువు ఎవరైతే నాకేమిటి అనేవాణ్ణి.

ఆ బల్లకు ఒక ఆచారం ఉంది. సినిమాకు ముందు అందరూ ఒక ప్రశ్నకు జవాబు రాసి, కవరు అంటించి, తేదీ వేసి బిస్కెట్ డబ్బాలో పడేస్తారు. విడుదలైన రెండో ఆదివారం తెరుస్తారు. గెలిచినవాళ్ల పేరు గోడ మీది పలకకు ఎక్కుతుంది. తర్వాతి సినిమాలో విలన్ ఎలా ఉండాలో గెలిచినవాళ్లు చెప్పాలి, మిగతావాళ్లు దాన్ని ఉత్తరంగా సినిమా కంపెనీకి పంపాలి. కంపెనీ ఇంతవరకూ ఒక్కదానికీ జవాబివ్వలేదు. అయినా పంపుతారు.

ఇంకొక రూలు, లొరేటాయే పెట్టింది. ఎవరైనా ముందే చూసి కథ చెబితే వాళ్లను బల్ల దగ్గరికి రానివ్వరు. విన్నవాళ్ల కవరు చెల్లదు. రెండో సినిమాకు టైర్ల షాపువాడొకడు నోరు జారాడు. వాడెదురైతే వీళ్లు ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతారు.

లొరేటా జవాబు మూడుసార్లూ తప్పింది. నాలుగో సినిమా ప్రశ్న, కొత్త విలన్ వేసుకున్న మసి ముసుగు వెనక ఎవరు అని. ఫిబ్రవరిలో ట్రైలర్ వచ్చిన వారమే ఆమె తేల్చేసింది. మొదటి సినిమా నుంచీ రేవు కాపరి గాయాలకు కుట్లు వేసే డాక్టరమ్మే అంది. మొదటి సినిమాలో అతను తలుపు తట్టకముందే ఆమె చేతులు కడుక్కుంటోందట. అతను దెబ్బలు తిని వస్తాడని ముందే ఎలా తెలుసు అని నన్ను అడిగింది. నాకేం తెలుసు. ఆమె కవరు డబ్బాలో వేయమని నాడీన్‌కు ఇచ్చింది నేనే.

మే నెలకు లొరేటా ఆసుపత్రి మంచం దిగడం మానేసింది. సినిమా జూన్ ఆరున. డాక్టర్లు జూన్ మాట ఎత్తడం మానేశారు. ఆ నెలలోనే ఆ బల్ల మనిషి డ్వైట్ ప్రూయిట్‌కు కొలంబస్‌లో ముందస్తు ఆటకు పాస్ వచ్చింది. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. సినిమా చూసిన మర్నాడు పూలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. వెళ్లేటప్పుడు కార్ల దగ్గర పట్టుకుని అడిగాను, ముసుగు వెనక ఎవరో చెప్పమని. నాకు కాదు, ఆమెకు చెప్పడానికి.

"రూలు ఆమెదే, ఆర్విల్," అన్నాడు.

"ఆమె పోతోంది."

"తెలుసు. ఆమె అడగలేదు. నువ్వు అడుగుతున్నావు."

కారెక్కి వెళ్లిపోయాడు. నేను పైకి వెళ్లి మంచం పక్కన కూర్చుని చెప్పాను: డ్వైట్ చెప్పాడు, నువ్వన్నదే, డాక్టరమ్మే. లొరేటా కళ్లు మూసుకుంది. తర్వాత, "చేతులు కడుక్కున్నప్పుడే అనుకున్నా," అంది. ఆరు రోజులకు పోయింది.

ఆమెతో నేను ఆడిన మొదటి అబద్ధం అదే అనను. చివరిది మాత్రం అదే.

అది నిజమో కాదో నాకు తెలియదు. సినిమా చూడలేదు. రెండు వారాలు రేడియో పెట్టలేదు. మంగలి షాపులో ఆ మాట మొదలైతే సగం జుట్టుతో లేచి వచ్చాను. ముసుగు వెనక ఇంకెవరైనా ఉంటే, ఆమె చెవిలో నేను చివరిగా పోసింది చెత్త అని ఆ బల్ల మీద తేలిపోతుంది. రానని చెప్పొచ్చు. కానీ ఆమె కవరు నేను లేకుండా వాళ్లు చింపడం నాకు ఇష్టం లేదు.

రెండుకు ఐదు నిమిషాలుండగా లోపలికి వెళ్లాను. ముగ్గురున్నారు. నాడీన్, డ్వైట్, పిజ్జాలు చేసే టియో మార్కెట్టి. అప్పటికే వాదనలో ఉన్నారు. మూడో సినిమాలో ఊరిని ముంచేసినవాడికి కారణమే లేదని, కారణం లేని విలన్ వానలాంటివాడని టియో అంటున్నాడు. తర్వాతి కథ సముద్రం దాటి పెద్దదవ్వాలని అతని కోరిక. డ్వైట్‌కు చిన్నది కావాలి, ఒక రేవు, ఒక రాత్రి, ఇద్దరు మనుషులు. నాడీన్ ఇద్దరినీ కొట్టిపారేసింది. వీరుడికి మోకాళ్లు నొప్పెట్టాలట, ఈదలేకపోవాలట. నన్ను చూసి ముగ్గురూ ఆగారు. లొరేటా కుర్చీ ఖాళీగా ఉంది. అందులోనే కూర్చున్నాను.

"మిస్టర్ స్టకీ, మీరు సినిమా చూశారా?" అన్నాడు టియో.

లేదన్నాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చూడనివాడి ముందు డబ్బా తెరవకూడదట. బయట నిలబడి కాఫీ తాగి వస్తారా అని టియో అడిగాడు. చావుకు రాని మర్యాద ఇప్పుడొచ్చిందా అన్నాను. వాళ్లు చావుకు వచ్చారు, చివరి వరసలో నిలబడ్డారు. అయినా అన్నాను. నాడీన్ డబ్బా మూత తీసింది.

టియో కవరులో రేవు కాపరి అన్న, ఎప్పుడో చనిపోయినవాడు. తప్పు. నాడీన్ కవరులో ఊరి మేయరు. తప్పు. డ్వైట్ తన కవరు చింపలేదు, ముందే చూశాడు కనుక పక్కన పెట్టేశాడు. నాడీన్ లొరేటా కవరు చింపి చదివింది.

"డాక్టరమ్మ."

టియో బల్ల మీద చెయ్యి వేసి మెల్లగా నవ్వాడు. "చేతులు కడుక్కుంది, కదా. నేను ఎన్నిసార్లు వెక్కిరించానో."

నిజమే. ముసుగు వెనక డాక్టరమ్మే. అబద్ధం ఎలాగో నిజమైపోయింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను.

"ఆగు, ఆర్విల్," అంది నాడీన్. "ఇంకొకటుంది."

విడుదల రోజు వరకూ జవాబు మార్చుకోవచ్చు, రెండోది లెక్కలోకి వస్తుంది. లొరేటా పోవడానికి నాలుగు రోజుల ముందు, నేను కింద తిండికి వెళ్లినప్పుడు, నాడీన్ చేతికి ఇంకో కవరు ఇచ్చిందట. నాకు తెలియదు. నాడీన్ చింపి, ముందు తనలో తాను చదువుకుని, తర్వాత పైకి చదివింది.

"నాకు జవాబు ముందే తెలిసిపోయింది. డ్వైట్ చెప్పాడని ఆర్విల్ అన్నాడు. నా కవరు చెల్లదు, కొట్టేయండి. డ్వైట్‌ని బల్ల నుంచి పంపకండి. నా మీద జాలితో చెప్పాడు. అతనికి నా థాంక్స్."

డ్వైట్ మెడ ఎర్రబడింది.

"నేను చెప్పలేదు," అన్నాడు.

"నీకొక్కడికే తెలుసు," అన్నాడు టియో.

"చెప్పలేదు, టియో."

"చచ్చిపోతూ ఆవిడ అబద్ధం రాసిందా?"

డ్వైట్ నా వైపు చూశాడు. ఆసుపత్రి కింద మూసుకున్న నోరే మళ్లీ మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. బాగానే అనిపించింది. వాడూ ఆ టైర్లవాడిలా రోడ్డు అవతలే నడవాలి. అలా ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి. కానీ నాడీన్ పలక దించి ఒళ్లో పెట్టుకుంది. నాలుగో సినిమా గీత పక్కన సుద్దతో 'ఎవరూ లేరు' అని రాయబోయింది.

"డ్వైట్ ఏమీ చెప్పలేదు," అన్నాను. "నేను కల్పించి చెప్పాను."

సుద్ద ఆగింది. మొత్తం చెప్పాను. కార్ల దగ్గర అడిగింది, వాడు పొమ్మన్నది, నేను మంచం పక్కన కూర్చుని అన్నది. ఆమె నమ్మింది. నమ్మి తన గెలుపు తానే కొట్టేసుకుంది. డ్వైట్ కోసం ఇది చెప్పడం లేదని కూడా చెప్పాను.

తర్వాత వాళ్లు చేసింది వాళ్లే చేయగలరు. వాదనకు దిగారు. అబద్ధం చెబితే, అది నిజమైతే, కథ ముందే చెప్పినట్టా కాదా? చెప్పినవాడికే తెలియదు కనుక కాదని డ్వైట్ అన్నాడు. చెవిన పడింది పడినట్టేనని టియో. ఇరవై నిమిషాలు. నేను వాళ్ల మధ్య ఒక బస్తాలా కూర్చున్నాను. పలక మీద ఆమె పేరు ఎక్కుతుందా లేదా అన్నది తప్ప నాకింక ఏ ఆలోచనా లేదు. చివరికి నాడీన్ మొదటి కవరు తిప్పి తేదీ చూపించింది. ఫిబ్రవరి పందొమ్మిది. అప్పటికి ఎవరూ ఏమీ చూడలేదు, ఎవరూ ఏ అబద్ధమూ ఆడలేదు. రెండో కాగితంలో జవాబే లేదు, కనుక మొదటిది ఉన్నట్టే. టియో ఆలోచించి, సరేనన్నాడు.

లొరేటా స్టకీ అని నాడీన్ రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. సరిచేయమన్నాను. చేసింది.

"మరి ఉత్తరం," అంది కాగితం తీస్తూ. "ఆమె తరఫున నువ్వే చెప్పాలి. తర్వాతి సినిమాలో విలన్ ఎవరు?"

ట్రక్కులో కూర్చున్నప్పుడు ఇది ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాల్సిన అవసరమూ రాలేదు.

"తెలిసీ చెప్పనివాడు," అన్నాను.

నాడీన్ కలం ఆగి, మళ్లీ కదిలింది. డ్వైట్ బల్ల వైపే చూస్తున్నాడు.

"వాడికి కారణం ఉండాలి," అన్నాడు టియో, ఇంకా ఏమీ అర్థం కాక.

"ఉంది," అన్నాడు డ్వైట్. "జూన్ దాకా ఆవిడకు ఎదురుచూడ్డానికి ఆ సినిమా ఒక్కటే ఉంది. చెప్పేస్తే అదీ ఉండదని భయపడ్డాడు."

ఈసారి టియోకు అర్థమైంది. సుద్ద ముక్క తీసుకుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. కారణం కూడా రాయాలా అని నాడీన్ నన్ను అడిగింది. రాయమన్నాను.

"చివర్లో వాణ్ణి క్షమిస్తారా?" అంది. ఆ బల్ల దగ్గర ప్రతి విలన్ గురించీ అడిగే ప్రశ్నే.

"లేదు అని రాయి."

రాసింది. మడిచి కవరులో పెట్టింది. స్టాంపు డ్వైట్ అంటించాడు.