గద్దె దిగిన చేయి

రిచ్‌మండ్ అప్పీళ్ల కోర్టులో ఒక ఆనవాయితీ ఉంది. వాదనలు ముగియగానే ముగ్గురు జడ్జీలూ గద్దె దిగి వచ్చి ఇరుపక్షాల వకీళ్లకూ చేయి కలుపుతారు. గెలిచేవాడికీ అదే చేయి, ఓడేవాడికీ అదే చేయి. జడ్జి వెర్నా స్టాలర్డ్ పద్దెనిమిదేళ్లుగా ఆ మెట్లు దిగుతోంది. ఎన్నడూ తడబడని కాలు ఆ మంగళవారం తడబడింది.

అప్పుడే విన్నది డ్వైట్ క్రంప్లర్ అప్పీలు. ఇరవై రెండేళ్లుగా జైల్లో ఉన్నాడు. అతను తుపాకీ కాలుస్తుండగా చూశానన్న ఒకే ఒక్క సాక్షి, అది అబద్ధమని ఇప్పుడు ప్రమాణం చేసి రాసిచ్చాడు. ఆ కాగితాన్ని ఇంతవరకు ఏ జడ్జీ విప్పి చూడలేదు. డ్వైట్ పాత వకీలు రోజులు తప్పు లెక్కేసి, గడువు దాటిన మూడోనాడు దాన్ని దాఖలు చేశాడు. కింది కోర్టు గుమ్మంలోనే తిప్పి పంపింది.

తిప్పి పంపడానికి ఆధారంగా చూపిన తీర్పు వెర్నాదే. ముప్పై ఏళ్లకు ప్రభుత్వ వకీలై, నలభై రెండేళ్లకు జిల్లా జడ్జియై, యాభయ్యో ఏట ఈ గద్దె ఎక్కిన కొత్తలో రాసింది. వకీలు పొరపాటు సాకు కాదు, ఒక్కరోజు దాటినా దాటినట్టే అని. బొగ్గుగనుల ఊళ్లో బట్టలు కుట్టి తనను చదివించిన తల్లికి అప్పుడు మురిసిపోతూ చదివి వినిపించింది. ముసలమ్మ అంతా విని, "కుట్టు గట్టిగానే వేశావు పిల్లా. రేపు విప్పాల్సొస్తే ఎట్లా?" అంది.

ఆ కోర్టులో ముగ్గురు జడ్జీలు ఇచ్చిన తీర్పును తర్వాతి ముగ్గురు కాదనడానికి లేదు. రాసిన మనిషే ఆ ముగ్గురిలో ఉన్నా అంతే.

వకీళ్ల వరుస అయ్యాక, కటకటాల అవతలి జనంలోంచి ఒక ముడతల చేయి ముందుకొచ్చింది. డ్వైట్ తల్లి ఒడెస్సా. జడ్జీలు వకీళ్లకే చేయి ఇస్తారు తప్ప కక్షిదారుల వాళ్లకు కాదు. చాచిన చేతిని అలా వదిలేయలేక వెర్నా పట్టుకుంది.

"అంత ఎత్తు నుంచి దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. నాకు అర్థమైందమ్మా," అంది ఒడెస్సా.

అది ఆనవాయితీ అని చెప్పడానికి వెర్నా నోరు తెరిచింది. కేసు నడుస్తుండగా ఆ పక్షం వాళ్లతో దాని ఊసెత్తకూడదు. తెరిచిన నోరు మూసుకుంది.

ముగ్గురూ లోపల కూర్చున్నాక ఆమె సంగతి విప్పింది. పెద్దవాడు హాలిస్ పెటిగ్రూ ఎప్పటిలాగే ఎకసెక్కం చేశాడు.

"నీ తీర్పు నువ్వే తప్పంటున్నావా వెర్నా? నేను పదేళ్ల క్రితమే అన్నాను. అప్పుడు నామీద పోట్లాడావు."

"అప్పుడు నాకు బుద్ధి లేదు. ఇప్పుడు వచ్చింది, ఏం చెయ్యమంటావు?"

ఆయన నవ్వలేదు. జడ్జీలందరూ కలిసి కూర్చుంటేనే ఆ ముడి విప్పగలరు, అడిగి చూడమన్నాడు. ఆమె అడిగింది. పదిహేనుమందిలో ఏడుగురు సరేనన్నారు. ఎనిమిదిమంది వద్దన్నారు. అందులో ఇద్దరు, ఆమె పాత తీర్పు చదివే తాము నిర్ణయించుకున్నామని మర్యాదగా జవాబు రాశారు.

ఇక అప్పీలు కొట్టేస్తూ తీర్పు రాయడమే మిగిలింది. వేరే జడ్జికి అప్పగించవచ్చు. కానీ తను వేసిన కుట్టు మరొకరి చేత బిగించడం ఇష్టంలేక తనే రాసింది. మూడు పేజీలు. చివర, ఈ నియమం తప్పని తాను నమ్ముతున్నట్టు ఒక పేరా చేర్చింది. ఆ పేరా జైలు తాళం తీయదని ఆమెకు తెలుసు.

సంతకం పెట్టబోతుండగా, చాలా ఏళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న సెక్రటరీ బెర్నీస్ తలుపు దగ్గర నిలబడింది.

"ఒడెస్సా క్రంప్లర్ ఫోన్‌లో ఉంది జడ్జిగారూ."

"నేను మాట్లాడకూడదు. నీకు తెలుసుగా. తీర్పు రేపొస్తుందని చెప్పు."

"ఆమె తారీఖు అడగలేదు. కొడుకు గదికి రంగు వేయిస్తోందట. చలి మొదలైతే వాసన పోదు, ఈ వారమే వేయించమంటారా అని అడుగుతోంది."

వెర్నా, ఆనాడు ఒడెస్సా చేతిని పట్టుకున్న తన కుడిచేతిని చూసుకుంది.

"ఏం చెప్పమంటారు?" అంది బెర్నీస్.

"తీర్పు రేపొస్తుందని చెప్పు," అని, అదే చేత్తో సంతకం పెట్టింది.