గులాబికి పుట్టెంట్రుకలు

లోవరాజు మీసం గురించి ఆత్రేయపురం చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మనిషి బక్కపలచన. మీసం మాత్రం ఇద్దరికి సరిపోతుంది. పొద్దున్నే లేచి అరటితోటకి నీళ్ళు పెట్టకముందే మీసానికి ఆముదం పెట్టేవాడు. కాలవగట్టు మీద ఎదురొచ్చినవాళ్ళు ముందు మీసానికి దారిచ్చి, ఆ తర్వాత మనిషికిచ్చేవాళ్ళు. అంతటి మీసాన్ని తీసుకెళ్ళి ఒక గులాబి మొక్క మీద పందెం కాశాడు చూడండి, అదీ లోవరాజు తెలివి.

ఆ మొక్క తెచ్చింది వాళ్ళ బావ భీమరాజు. లోవరాజు పెళ్ళాం రామతులసికి స్వయానా అన్నయ్య. నీలగిరి కొండల మీద ఒక దొరగారి బంగళాలో వంటవాడు. శివరాత్రికి సెలవు దొరికితే చెన్నపట్నం దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి కాలవ పడవల్లో తీరిగ్గా దిగేవాడు. "అన్నయ్యా, దొరసాని టోపీలో పెట్టుకుంటుందన్నావే, ఆ పువ్వు నాకూ ఒకటి కావాలి" అని చెల్లెలు అడిగిందని, ఆ యేడు తడిగోనెలో మొక్కనే చుట్టి తెచ్చాడు. తెచ్చినవాడు ఊరుకోవచ్చుగా!

"బావా, నీకో మాట చెప్తున్నా. ఇది చలిలో పుట్టింది. అక్కడ పొద్దున్నే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పడుతుంది. దొరలే కుంపటి దగ్గర్నించి లేవరు. మీ ఊరి ఉడుక్కి, మీ ఒండ్రుమట్టికి ఇది బతకదు. బతికినా పుయ్యదు."

"మీ కొండల మీద మట్టి లేక అలా అంటున్నావు గానీ," అన్నాడు లోవరాజు మీసం సవరించుకుంటూ, "నేను అరటిపిలక తలకిందులుగా పాతినా గెలేస్తుంది. గులాబి ఎంత?"

"అయితే కాయి పందెం. వచ్చే శివరాత్రికి పట్టిసీమ తీర్థంలో మా చెల్లెలి కొప్పులో ఈ చెట్టు పువ్వే ఉండాలి. లేకపోతే అక్కడే, జనం అందరి ముందూ, నీ మీసం గొరిగిస్తా. అదీ ఒక పక్కే."

"పువ్వుంటే?"

"ఉంటే మా అమ్మని వీపున ఎక్కించుకుని వీరభద్రుడి గుడిమెట్లన్నీ ఎక్కుతా."

అందరూ అరుగు వైపు చూశారు. భీమరాజు తల్లి తలుపులమ్మ అరుగు మీద కూచుని ఉంది. అరుగు మీద ఇంకెవరికీ చోటు లేదు.

"నన్నెందుకురా మధ్యలోకి లాగుతారు, దిక్కుమాలినోళ్ళారా!" అంది తలుపులమ్మ. ఆవిడ లోవరాజుకి అత్తే కాదు, మేనత్త కూడా. అందుకని అల్లుడు గిల్లుడు అని మర్యాదలేం లేవు, నోరారా తిడుతుంది.

భీమరాజు వెళ్ళిపోయాడు. లోవరాజు తనకి తెలిసిన వ్యవసాయం మొదలెట్టాడు. ఆయనకి తెలిసింది అరటి. అందుకని మొక్కని తీసుకెళ్ళి అరటిబోదె పక్కన, చీలమండ లోతు నీళ్ళలో పాతాడు. వారం తిరిగేసరికి ఆకులన్నీ పసుపు రాసుకున్నట్టయిపోయాయి.

"అయ్యో అయ్యో, చంటిపిల్లని తెచ్చి చెరువులో కూచోబెట్టావేంట్రా!" అని తలుపులమ్మ మొక్కని వేళ్ళతో సహా పైకి లాగింది. దొడ్లో పాత గోలెం ఒకటుంది, వేణ్ణీళ్ళు కాచీ కాచీ అడుగు బీటవారింది. దాన్లో ఇసకా, పేడా, పెంకుముక్కలూ వేసి మొక్కని నాటింది. ఎన్ని నీళ్ళు పోసినా బీటలోంచి కారిపోతున్నాయి. "చిల్లుగోలెంలో నీళ్ళెలా నిలుస్తాయి అత్తా?" అని లోవరాజు నవ్వాడు. నిలవలేదు. మొక్క మాత్రం నిలిచింది.

ఆ రోజు నించీ అది ఆవిడకి మొక్క కాదు. పాపాయి. ఎండాకాలంలో పాపాయికి తాటాకు పందిరి. వడగాలి కొట్టిందంటే చుట్టూ తడిగోనె. చేపలు కడిగిన నీళ్ళన్నీ పాపాయికే. "చలిదేశం పిల్ల, ఉడుక్కి తట్టుకోలేదు" అని సాయంత్రం విసనకర్ర పట్టుకుని కూచునేది. లోవరాజు పక్కన చేరి, "అత్తా, నాక్కూడా చెమటలు పడుతున్నాయి" అంటే, "నువ్విక్కడ పుట్టినోడివే, చావవులే" అనేది.

వానలు పడ్డాయి. ఇక చూడాలి. పాపాయి పందిరిని పైకి తోసేసింది, చూరు పట్టుకుంది, పెంకుల మీదకి పాకింది. ఆకులే ఆకులు, ముళ్ళే ముళ్ళు. దొడ్లోకి వెళ్ళినవాడు పంచె చింపుకోకుండా రాలేదు. కొన్నాకుల మీద నల్లమచ్చలు కూడా లేచాయి. మొగ్గ మాత్రం లేదు. దసరా వెళ్ళింది, మొగ్గ లేదు. దీపావళి వెళ్ళింది, లేదు. లోవరాజు రోజూ పొద్దున్న కొమ్మకొమ్మా వెతికి, వచ్చి నీళ్ళతొట్టిలో తన మొహం చూసుకుని, ఒక పక్క మీసం చేత్తో మూసి, ఎలా ఉంటుందో లెక్కేసుకునేవాడు.

లోపల దడ ఉన్నా పైకి వేళాకోళం మానే మనిషి కాదు. అత్తగారిని ఏడిపించడం ఆయనకి అన్నంలో మజ్జిగలాంటిది. ఒకసారి పడవలో వెళ్తూ, లాకుల తలుపులు మూసినప్పుడు గోదారమ్మ నిద్రపోతుంది, గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడుతుందని చెప్తే, పాపం ఆవిడ బొబ్బర్లంక లాకుల దగ్గర ఊపిరి కూడా బిగబట్టింది.

కార్తీకమాసం వచ్చింది. తలుపులమ్మ గోలెం పక్కన చతికిలబడి, "ఎందుకు పుయ్యవే తల్లీ?" అని బతిమాలుతోంది. లోవరాజు పెళ్ళానికి కన్ను కొట్టి, మొహం బిగించుకుని వచ్చి కూచున్నాడు.

"అత్తా, నీకు తెలీదా? పాపాయి మనింటికొచ్చి తొమ్మిదో నెల. పుట్టెంట్రుకలు తీయించావా?"

"ఆఁ?"

"తీయించకపోతే ఎలా పూస్తుంది? జుట్టు చూడు, ఇంటికప్పు దాకా! ఇంటి ఇలవేలుపు వీరభద్రుడికి బాకీ పెట్టి, పువ్వులిమ్మంటే ఇస్తుందా?"

రామతులసి కొంగు నోట్లో కుక్కుకుంది. తలుపులమ్మ నవ్వలేదు. గబగబా లోపలికెళ్ళింది. పసుపుగుడ్డ తెచ్చింది. దాన్లో ఒక డబ్బు వేసి ముడి వేసి, "వీరభద్రసామీ, ఈ కార్తీకం వెళ్ళేలోపు పాపాయి తలనీలాలు నీ గుట్ట కింద ఇప్పిస్తాను, మొదట కోసిన పువ్వు నీకే" అని దూలానికి కట్టేసింది.

లోవరాజు నవ్వు ఎండిపోయింది. "అత్తా, వేళాకోళానికన్నాను."

"దేవుడి దగ్గర వేళాకోళమేంట్రా? ముడుపు కట్టేశాను."

అంతే. ముడుపు కట్టాక దాన్ని విప్పాల్సింది దేవుడి దగ్గరే. ఊళ్ళో ఏ ఇంట్లోనూ దానికి మారుమాట లేదు. ఊరూవాడా చూస్తుండగా లోవరాజు, పాలేరూ కలిసి గోలేన్ని మోకులతో కట్టి, ముళ్ళకి గోనెలు చుట్టి, పడవెక్కించాల్సి వచ్చింది. గట్టు మీద ఒకటే నవ్వులు.

"ఏవండీ లోవరాజుగారూ, ఎవరికండీ గుండు?"

"మా అత్తగారి కూతురికి!"

"మరి రామతులసమ్మగారు?"

"ఆవిడ పెద్దకూతురు. ఇది చిన్నది. మూతి ముడిచిందంటే గుచ్చుతుంది. ఆ మాటకొస్తే పెద్దదీ అంతే."

పడవలోంచి రామతులసి విసిరిన తమలపాకుల చిక్కం ఆయన వీపుకి తగిలింది.

లాకులు దాటి, తెరచాప ఎత్తి, గోదారికి ఎదురెక్కి పట్టిసీమ చేరారు. గుట్ట కింద ఇసకలో వరసగా మంగళ్ళు కూచుని ఉన్నారు. వాళ్ళలో బుల్లియ్య అని ఒకడున్నాడు, చెయ్యి భలే జోరని పేరు. పిల్ల ఏడుపు మొదలెట్టేలోపు గుండు పూర్తిచేసేస్తాడు. గోలెం దింపి చూపించేసరికి వాడు కత్తి కింద పెట్టేశాడు.

"అయ్యా, నా కత్తి తలకాయలకండి. కంచెలకి కాదు."

"మొక్కు నాయనా," అంది తలుపులమ్మ. "కాదనకు. పాపాయి దీని పేరు."

బుల్లియ్య తల గోక్కున్నాడు. మొక్కు అన్నాక కాదంటే వాడికీ భయమే. "ఆడపిల్లాండీ, మగపిల్లాడాండీ?"

"ముళ్ళు చూస్తే తెలీట్లా? ఆడపిల్లే," అన్నాడు లోవరాజు.

"అయితే మూడు కత్తిరింపులు చాలునండి."

"పుట్టెంట్రుకలురా!" అంది తలుపులమ్మ. "నున్నగా తీయాల్సిందే. కాకపోతే మరీ పీక దాకా వద్దు, జానెడు జానెడు ఉంచు."

బుల్లియ్య మంగలికత్తి మడిచి, పడవవాళ్ళ దగ్గర పదునైన కొడవలి అడిగి తెచ్చుకున్నాడు. ముందు గోలెం మీద నీళ్ళు చల్లి, తల తడపకుండా గొరగకూడదన్నట్టు కొమ్మలన్నీ తడిపాడు. ఆ తర్వాత వాడి చెయ్యి కనపడలేదు. సర్రు సర్రుమని కొమ్మలు రాలిపోయాయి. ఎండినవీ, పురుగు పట్టినవీ, నల్లమచ్చలవీ, పచ్చగా నిగనిగలాడేవీ, అన్నీ.

"చాలు, చాలు, చాలురా!" అని ఆవిడ అరుస్తుండగానే ఇంకో లావుపాటి కొమ్మ పడింది.

"నా చెయ్యి పడ్డాక ఆగదండమ్మా," అన్నాడు బుల్లియ్య చెమట తుడుచుకుంటూ.

మిగిలినవి నాలుగు మొండికర్రలు. లోవరాజు వాటికేసి చూశాడు. వాటిలో ఆయనకి తన మీసమే కనిపించింది. మొగ్గ వెయ్యని చెట్టైనా చెట్టే కదా, ఇప్పుడు అదీ లేదు. ఒక్క వేళాకోళం మాటకి పందెం మొత్తం గోదాట్లో పోసుకున్నాడు. తలుపులమ్మ మాత్రం గుండు చేయించుకున్న తలకి రాసినట్టే, కోసిన ప్రతి కొసకీ పసుపూ గంధం చిక్కగా పట్టించింది. "చల్లగా ఉంటుంది తల్లీ" అంది. కొమ్మలన్నీ గోదాట్లో కలిపి, ముడుపు విప్పి హుండీలో వేసి, కులాసాగా పులిహోర తిన్నది. లోవరాజుకి ముద్ద దిగలేదు.

ఇంటికొచ్చాక ఆయన దొడ్లోకి వెళ్ళడం మానేశాడు. చలి బాగా ముదిరింది. ఒకరోజు పొద్దున్న నీళ్ళతొట్టి దగ్గర ఒక పక్క మీసం మూసుకుని చూసుకుంటూ ఉంటే, రామతులసి వచ్చి ఆయన చెవి పట్టుకుని గోలెం దగ్గరికి ఈడ్చుకెళ్ళింది.

"ఏంటే, ఏంటే, వదులు!"

"కళ్ళు తెరిచి చూడు మావా."

గంధం రాసిన ప్రతి మొండి కిందనించీ ఎర్రటి చిగుళ్ళు, చంటిపిల్లల వేళ్ళలా, తోసుకొచ్చి ఉన్నాయి. కొన్నాళ్ళకి ఆ చిగుళ్ళ కొసల్లో పెసరగింజంత మొగ్గలు. మాఘం వచ్చేసరికి అవి కుంకుడుకాయలంతయ్యాయి. లోవరాజు మీసానికి మళ్ళీ ఆముదం పడింది. ఇంతలో ముందస్తుగా ఎండలు మొదలై మొగ్గలు గబగబా విచ్చుకోడం, రెక్కలు రాల్చుకోడం మొదలెట్టాయి. శివరాత్రి ఇంకా రాలేదు! తలుపులమ్మ మళ్ళీ తాటాకు పందిరి, మళ్ళీ తడిగోనె. చివరికి శివరాత్రినాటికి బిగిసి నిలిచినవి రెండే రెండు. ఒకటి దేవుడిది. ఇంకోటి లోవరాజు మీసం.

ఆ రెంటినీ కోసి, తడి అరటిదొప్పలో పెట్టి, పసిబిడ్డల్ని పట్టుకెళ్ళినట్టు పట్టిసీమ పట్టుకెళ్ళారు. ఒకటి వీరభద్రుడి పాదాల దగ్గర పెట్టి కిందకొచ్చారు. రెండోది రామతులసి కొప్పులో పెట్టుకుంటే, ఆహా, నిజంగానే దొరసాని దిగదుడుపే. ఇక్కడితో ఊరుకుంటే లోవరాజు లోవరాజెలా అవుతాడు?

"ఒసే, కొంగు కప్పుకో. మీ అన్నయ్యని కాసేపు ఆడించాలి. నేను దగ్గగానే కొంగు తియ్యి."

"వద్దు మావా, గెలిచాంగా."

"నువ్వూరుకో."

భీమరాజు తీర్థంలో ఎదురొచ్చాడు. చెల్లెలి ముసుగు చూశాడు. బావ వేలాడేసిన మొహం చూశాడు. ఎగిరి గంతేశాడు. "పుయ్యలేదా? నే చెప్పలా!" అని జనాన్ని పోగేసి, నేరుగా బుల్లియ్యని పట్టుకొచ్చాడు. లోవరాజు బరువుగా నిట్టూర్చి ఇసకలో చతికిలబడ్డాడు.

"బావా, దయ చూడవా?"

"చూడను!"

"పోనీ కొసలు కత్తిరిస్తే చాలదా?"

"నీలగిరి దాకా కనపడేలా గొరిగిస్తా!"

జనం విరగబడి నవ్వుతున్నారు. బుల్లియ్య మీసం తడిపి కత్తి తెరిచాడు. లోవరాజుకి లోపల గిలిగింతలు. ఇంకొంచెం, బావ ఇంకొంచెం ఎగరాలి. కత్తి మీసం దాకా వచ్చాక దగ్గితే ఉంటుంది మజా. కత్తి వచ్చింది. లోవరాజు దగ్గడానికి గుండెల నిండా గాలి పీల్చాడు.

సర్రు.

ఆ తర్వాత దగ్గాడు. రామతులసి కొంగు తీసింది. కొప్పులో ఎర్రగా, పిడికెడంత గులాబి. జనం "ఓహో!" అన్నారు. భీమరాజు నోరు తెరిచాడు. లోవరాజు నోరు తెరుద్దామంటే పెదవి మీద ఒక పక్క చల్లగా గాలి తగులుతోంది. తడుముకున్నాడు. లేదు.

"ఒరే బుల్లియ్యా! నేను గెలిచానురా!"

"నా చెయ్యి పడ్డాక ఆగదండి," అన్నాడు బుల్లియ్య, ఊడిన మీసం జాగ్రత్తగా ఆయన చేతిలో పెడుతూ.

భీమరాజు ఇసకలో పడి దొర్లి దొర్లి నవ్వాడు. నవ్వి లేచేసరికి ఎదురుగా తల్లి, నడుం బిగించి నించుని ఉంది.

"పువ్వు పూసిందిగా. వంగరా."

"అమ్మా, మెట్లు చాలా ఉన్నాయే..."

"మా పాపాయి నాచేత ఏడాది మోయించుకుంది. నిన్ను తొమ్మిది నెలలు మోశాను. వంగు."

భీమరాజు వంగాడు. మొదటి మెట్టు దగ్గరే "హరహరా" అన్నాడు. దానిలో భక్తి ఎంతో ఆయనకే తెలియాలి. "మా దొరగారి తోటమాలి కూడా ఏటా చలికి ముందు కొమ్మలన్నీ నరుకుతాడే అమ్మా, నాకు చెప్పడం గుర్తురాలేదు" అని మూడో మెట్టు మీద రొప్పుతూ గొణిగాడు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం, నడువు" అని తలుపులమ్మ మడమతో అదిలించింది.

వెనకాల లోవరాజు సగం మూతి అరచేత్తో మూసుకుని ఎక్కుతున్నాడు. తలుపులమ్మ కొడుకు వీపు మీంచి వెనక్కి తిరిగి, మేనల్లుణ్ణి చూసి, కొంగున కట్టుకున్న పొట్లం విప్పింది.

"ఏడవకురా. కొంచెం గంధం రాసుకో. పాపాయికి రాలా? గుబురుగా వస్తుంది."