పచ్చ నాలుక

మల్లమ్మ చాటకు ఠాణా ఊరి అవతలి ఆసిడ్ ఫ్యాక్టరీలో పెద్ద పేరు. అక్కడి బట్టీ నిండా ఇసుక జాతి పదార్థంతో చేసిన గుల్ల గింజలుంటాయి. కంటికి ఆనని వాటి రంధ్రాల్లో ఏదో మందు పట్టించి ఉంటుంది. గంధకం పొగ వాటి సందుల్లోంచి పోతూ ఆసిడ్‌కు పనికొచ్చేలా మారిపోతుంది గానీ గింజ అరగదు. ఏడాదికోసారి బట్టీ ఆపి, గింజలు తీసి, దుమ్ము పోగొట్టి మళ్ళీ అవే పోస్తారు. యంత్రపు జల్లెడలో పడితే సగం పిండే. పాలమూరు నుంచి వలస వచ్చిన మల్లమ్మది వడ్లు చెరిగిన చెయ్యి, ఒక్క గింజ నలగనిచ్చేది కాదు. కామాటిపురా పదకొండో గల్లీ ఆడవాళ్ళు ఆరుగురికి ఏటా పదిరోజుల పని దొరికేది ఆ చాట చలవే.

ఎనభై నాలుగు ఎండాకాలంలో, పని మొదలైన మూడో నాటికి, చెల్లెలు వజ్రమ్మకు దగ్గు పట్టుకుంది. గింజల మందు దుమ్ముకు నాలుక పాచిపట్టినట్టు ఆకుపచ్చబడింది.

ఫాక్‌లాండ్ రోడ్డు మూల మీద టెంపో ఎక్కిస్తూ, కూలీలను కుదిర్చే ముకద్దం శివరాం చల్లగా చెప్పాడు. "ఇయ్యాల గేటు కాడ డాక్టర్ నాలుకలు చూస్తడంట. ఒక్కదానికి పచ్చగున్నా అందరు వాపస్."

మల్లమ్మ క్షణం ఆలోచిస్తే ఒట్టు. పాన్ కొని చెల్లెలి నోట్లో కుక్కింది. "నములే. ఉత్త రంగే గద, అదే పోతది."

గేటు దగ్గర డాక్టర్ ఎర్రటి నోరు చూసి విసుగ్గా పొమ్మన్నాడు. మల్లమ్మ తన తెలివికి తానే మురిసిపోయింది. రోజూ ఓ పాన్ కొంది. గాలికెదురుగా కూర్చున్న చెల్లెలి మొహం మీదికే దుమ్ము పోతున్నా చాట ఆపలేదు.

ఏడో రోజు వజ్రమ్మ కూలబడింది. గుండెల్లో పిల్లికూతలు. సర్కారు దవాఖానలో డాక్టరమ్మ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, ఏం పని చేస్తారు అని హిందీలో అడిగింది.

చెబితే చీటీ మీద ఫ్యాక్టరీ పేరెక్కుతుంది, ఇక గల్లీ మొత్తానికి గేటు మూసినట్టే. చెప్పకపోతే లేని జబ్బుకు మందులు మింగి చెల్లెలు పోతుంది. మంచం మీంచి వజ్రమ్మ వద్దన్నట్టు తల ఊపింది. మల్లమ్మ కొంగు తడిపి చెల్లెలి నాలుక గట్టిగా తుడిచింది. ఎరుపు కింద పచ్చ బయటపడింది.

"ఆ దుమ్ము నేనే తినిపించిన, డాక్టరమ్మా. దాసింది గూడ నేనే."

వజ్రమ్మ బతికింది, నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూర్చోవాల్సిన బతుకు. మరుసటేడు టెంపో వేరే గల్లీకి పోయింది. అవే గింజలు ఇంకా మూడేళ్ళు నడుస్తాయని శివరాం చెప్పిపోయాడు. నల్లా దగ్గర తక్కిన నలుగురూ మల్లమ్మ బిందెను కాలితో పక్కకు నెట్టారు. అది ఆమె ఓర్చుకుంది.

ఓర్చుకోలేనిది చెల్లెలి మాట. మెట్ల మీద ఆయాసపడుతూ, అక్క అందించిన నీళ్ళ గ్లాసు తీసుకోకుండానే అంది వజ్రమ్మ.

"దాసినప్పుడు నన్ను అడగలే. చెప్పినప్పుడూ అడగలే. నోరు నాదే గదక్కా."