నీలం కట్ట, ఎర్ర కట్ట

మొదటి ఆటకు కలపకూడదంట, కలిపితే పాడైపోతుందంట, పేకముక్కలైతే ముందు కలిపి తర్వాత కదా పంచుతారు, ఇదేం ఆటో, అంది లిడియా, పేక అనకమ్మా, పాస్టరుగారు వింటారు, అన్నాడు బాబాయి, ఇవి పిల్లలాడుకునే కార్డులు, ఏ కార్డు తర్వాత ఏ కార్డు రావాలో కంపెనీవాళ్ళే పేర్చి కట్టలు కట్టి అమ్ముతారు, స్టార్టర్ డెక్ అంటారు, కొత్తవాళ్ళు ఏమీ ఏరుకోనక్కర్లేదు, విప్పడం, ఆడడం, అంతే, అక్కవి నువ్వు, కాగితం చదివి చెల్లికి నేర్పు, నేనొచ్చి చూస్తాను, అని పెట్టె లిడియా చేతిలో పెట్టి, పాస్టరుగారిని బస్సెక్కించడానికి భీమడోలు సెంటరు వైపు వెళ్ళాడు ఆనంద్ పాల్ బాబాయి, ఏలూరు నుంచి వచ్చిన బాబాయి, నాన్నకు తమ్ముడు, నాన్నలాగే పక్కకు తల దువ్వుకుని నాన్నలాగే నవ్వే బాబాయి, ఆ నవ్వు వైపు చూడకుండా లిడియా అరుగు మీద చాప పరిచింది, పెట్టె తెరిచి కట్టల మీది ప్లాస్టిక్ చింపింది, కొత్త వాసన, ఇల్లంతా మాత్రం పలావు వాసన, అమ్మా నాన్నల ఆదరణ కూడిక ఇప్పుడే అయింది, బండి మీద వెళ్తూ ఐసు లారీ కింద పడిపోయిన ఇద్దరి గురించీ పాస్టరుగారు ఎంతో బాగా చెప్పారు, అందరూ ఏడ్చారు, ఏడ్చినవాళ్ళు భోంచేశారు, వాకిట్లో అద్దె కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరుస్తున్నారు.

నేనొచ్చి చూస్తాను, ఆ మాట బిందు ఆటలాగే విని ఉంటుంది, తొమ్మిదేళ్ళ పిల్ల, ఇంకెలా వింటుంది, లిడియా అలా వినలేకపోయింది, పొద్దున దొడ్లో గిన్నెలు తోముతుంటే గోడకవతల మాటలు తన చెవిన మాత్రమే పడ్డాయి, ఇద్దర్నీ నేను పెట్టుకోలేనక్కా, క్వార్టర్సు రెండు గదులు, నీ మరదలు ఒక్కరికే ఒప్పుకుంది, అని బాబాయి, అయితే రెండోది నాకా, నాకేమన్నా కొల్లేట్లో డబ్బు తేలుతుందట్రా, అని అత్త, నాన్న అక్క, కైకలూరు సువార్త అత్త, ఊరికే తినదుగా అక్కా, నీ రొయ్యల షెడ్డులో పనికొస్తుంది, చిన్న చేతులు చురుగ్గా ఆడతాయి, అని ఎంతో మెత్తగా బాబాయి, మరి ఏదాన్ని తీసుకెళ్తావో చెప్పేయరా, బట్టలు సర్దాలి, చదివించాల్సిందాన్ని కాస్త చూసి తీసుకెళ్ళాలి కదక్కా, మా సాల్మన్‌కి కొన్న కార్డులాట సంచిలో ఉంది, ఇద్దరికీ ఇచ్చి ఆడిస్తాను, గెలిచింది నాతో వస్తుంది, ఓహో, ఓడినదాన్ని నా మొహాన కొడతావన్నమాట, అని అత్త నవ్వింది, నవ్విందే గాని కాదనలేదు, గిన్నె మీద లిడియా చేతిలో పీచు ఆగిపోయింది, కిందటి సెలవుల్లో ఆ షెడ్డు చూసింది తను, ఐసు నీళ్ళ తొట్ల చుట్టూ నిలబడి రొయ్యల తలలు తుంచే ఆడవాళ్ళు, నానిన అటుకుల్లా తెల్లబడ్డ వేళ్ళు, గోళ్ళ చుట్టూ పుండ్లు, వాళ్ళలో తన ఈడుది ఒకతి తలెత్తి, నువ్వు ఓనరుగారి కోడలివా అని నవ్వింది, కాదు, ఊరికే చూడ్డానికొచ్చాను అంది తను, ఊరికే, ఏలూరులో బాబాయింట్లో కిటికీ పక్కన చదువుకునే బల్ల ఉంది, కుర్చీకి మెత్త కూడా ఉంది.

కాగితం ఇంగ్లీషులో ఉంది, ఎనిమిదో తరగతి ఇంగ్లీషుకు సగం అందింది, మిగతా సగం బొమ్మలు చెప్పాయి, ఒకరిది నీలం కట్ట, ఒకరిది ఎర్ర కట్ట, వంతుకో కార్డు తీసుకోవాలి, వంతుకో శక్తి కార్డు జంతువు కింద పెట్టాలి, శక్తి చాలినప్పుడు ఎదుటి జంతువును కొట్టాలి, ఎవరివి మూడు జంతువులు ముందు చస్తే వాళ్ళు ఓడినట్టు, ఇంతవరకూ బిందుకు చెప్పొచ్చు, ఆ కింద ఇంకొకటి ఉంది, దెబ్బ తిన్న జంతువును, ఒక శక్తి కార్డు పారేస్తే, వెనక్కి పిలుచుకుని ఇంకొకదాన్ని ముందుకు పంపొచ్చు, ఆ వాక్యం రెండోసారి కూడా చదివింది, మొదటిసారే అర్థమైంది, అయినా చదివింది, కాగితం వెనక మొదటి ఆట ఎలా సాగుతుందో బొమ్మలేసి చూపించారు, పేర్చింది పేర్చినట్టు ఆడితే నీలంవాళ్ళకు తిమింగలం త్వరగా వచ్చేస్తుంది, దాని మొదటి దెబ్బకే ఎర్రవాళ్ళ నిప్పునక్కకు సగం ప్రాణం పోతుంది, వెనక్కి పిలుచుకుంటే తప్ప బతకదు, చివరి బొమ్మలో నీలం పిల్లాడు చేతులెత్తి నవ్వుతున్నాడు, ఎర్ర పిల్లాడూ నవ్వుతున్నాడు, వాడెందుకు నవ్వుతాడు, ఓడిపోయినా వాడిని ఎవరూ ఎక్కడికీ పంపరు కాబోలు.

నీలం తనకు కావాలి, అడిగితే బిందు ఇచ్చేస్తుంది, కానీ అడిగి తీసుకుంటే ఎప్పుడో ఒకనాడు దానికి గుర్తొస్తుంది, అక్క అడిగి తీసుకుందని, అదే వాటా పద్ధతిలో వస్తే ఎవరూ ఏమీ అనడానికి లేదు, కొల్లేటి ఒడ్డున వల లాగినవాళ్ళు చేపలు పోగులు పెట్టి, ఒకణ్ణి అటు తిప్పి నిలబెట్టి, ఇంకొకడు పోగు మీద చెయ్యి పెట్టి ఇదెవరికి అంటాడు, అటు తిరిగినవాడు చూడకుండా ఎవరి పేరు చెబితే ఆ పోగు వాళ్ళది, అందులో పెద్ద చేపున్నా చెత్త చేపున్నా ఆ తర్వాత నోరెత్తకూడదు, నాన్న అలా వచ్చిన పోగే ఇంటికి తెచ్చేవాడు, అమ్మ వంటింట్లోనూ అదే పద్ధతి, వేయించిన ముక్కలు రెండు పళ్ళేల్లో పెట్టి, బిందూ అటు తిరుగు, ఇదెవరికి, అక్కకి, ఎప్పుడూ మొదటి పేరు అక్కదే, తోకముక్కైనా అక్కకే, నడుం ముక్కైనా అక్కకే, ఓసి పిచ్చిమొహమా, ఒక్కసారన్నా నీ పేరు చెప్పుకోవే అని అమ్మ దాని నెత్తి మీద మొట్టేది, అమ్మా, నువ్విప్పుడు మాట్లాడకు, బిందూ, ఇలా రా, అటు తిరుగు, ఎందుకక్కా, వాటాలే, కళ్ళు కూడా మూసుకోనా, అక్కర్లేదు, తిరుగు చాలు, బిందు గోడ వైపు తిరిగింది, రెండు జడల మధ్య మెడ మీద పౌడరు చారలు, పొద్దున తనే పూసింది, సరిగ్గా పులమలేదు, లిడియా నీలం కట్ట మీద చెయ్యి పెట్టింది, ఇదెవరికి, అక్కకి.

నక్క ఎంత బాగుందో చూడవే అక్కా, తోక చివర మంట కూడా వేశారు, దీనికి పేరు పెట్టుకోవచ్చా, పెట్టుకో, అయితే రాణి, రాణీ నువ్వు వెనక నిలబడు, దీని కింద ఏం పెట్టాలి, శక్తి కార్డు, ఇదేనా, అదే, రోజుకొకటా, రోజుకు కాదే, వంతుకొకటి, లిడియా ఓపిగ్గా చెప్పింది, ఎంత ఓపిగ్గా చెప్పిందంటే అరుగు మెట్టు మీద చతికిలబడి పళ్ళు కుట్టుకుంటున్న అత్త కూడా పుల్ల పక్కన పెట్టి చూసింది, ఏమేవ్ లిడియా, నేర్పుతున్నావా మింగుతున్నావా, మాటలు అలా నములుతున్నావు, అని నవ్వింది, మీరూ ఆడతారా అత్తా అంది బిందు, నాకెందుకమ్మా, నా ఆటలన్నీ ఐసు తొట్లోనే, అంది అత్త, అంటూ బిందు వేళ్ళ వైపే చూసింది, కార్డు పట్టుకున్న సన్నటి వేళ్ళు, లిడియా తన చేతులు ఒళ్ళో దాచుకుంది, కాగితం ఎప్పుడో మోకాలి కిందికి పోయింది, తనే పెట్టుకుంది, గాలికి ఎగిరిపోతుందని, ఎక్కడా గాలి లేదు, బిందు మొదటి జంతువు చచ్చింది, ఒక పిల్లి, అయ్యో పాపం అని దాన్ని చీర మడతపెట్టినట్టు జాగ్రత్తగా పక్కన పెట్టింది, తర్వాత లిడియా కప్ప చచ్చింది, బిందు ఎగిరి చప్పట్లు కొట్టింది, కాగితంలో ఇలాగే ఉంది, కప్ప ఒక్కటే చస్తుంది, భయపడకు, పేర్చిన వాళ్ళకు తెలుసు, బిందు రెండో జంతువు కూడా పోయింది, రాణి ముందుకొచ్చింది, ఇంక అదొక్కటి చస్తే చాలు, అప్పుడే బాబాయి వచ్చి చెప్పులు విడిచి చాప చివర కూర్చున్నాడు, ఎంతవరకూ వచ్చిందమ్మా ఆట, ఎవరిది పైచెయ్యి, అక్కదే బాబాయి, అక్క భలే ఆడుతుంది, అంది బిందు గొప్పగా, గెలుస్తున్నది తనే అయినట్టు, తిమింగలం వచ్చింది, కాగితంలో చెప్పిన చోటే వచ్చింది, ఒక్క దెబ్బకు రాణి సగం ప్రాణం పోయింది, బిందు కార్డు మీద వేలు పెట్టి కాసేపు ఆలోచించింది, అక్కా, రాణికి దెబ్బ తగిలింది కదా, దీన్ని వెనక్కి తెచ్చేసుకుని ఈ ఎలుగుబంటిని పంపనా, కావాలంటే ఒక శక్తి కార్డు ఇచ్చేస్తాను నీకు.

ఎవరు చెప్పారు దీనికి, ఎవరూ చెప్పలేదు, కాగితం చూడలేదు, దానంతట అదే అనుకుంది, దెబ్బ తగిలినదాన్ని ఇంట్లోకి తెచ్చుకోవాలని ఎవరికైనా తోస్తుంది కదా, ఈ కంపెనీవాళ్ళకు కూడా తోచింది, మోకాలి కింద కాగితం చెమటకు కాలికి అతుక్కుంది, అత్త చూస్తోంది, బాబాయి చూస్తున్నాడు, కుదరదు, అంది లిడియా, ఎందుకక్కా, అలాంటి రూలు లేదు, ఒక్కసారికి, ఒక్కసారి లేదు రెండుసార్లు లేదు, ముందుకొచ్చింది చచ్చేదాకా ముందే ఉండాలి, తన గొంతు సుబ్బరంగా, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది, వణకలేదు, వణుకుతుందనుకుంది, పోనీలేవే రాణీ, రూలు లేదంట, అని బిందు నక్క ముఖం మీద వేలితో నిమిరింది, తిమింగలం ఇంకో దెబ్బ కొట్టింది, అయిపోయింది, బిందు నవ్వింది, కాగితంలోని ఎర్ర పిల్లాడికంటే బాగా నవ్వింది, అక్క గెలిచింది బాబాయి, చూశారా, నేను చెప్పలే, ఇంకొక్క ఆట ఆడదామక్కా, ఈసారి కలుపుదాం.

ఆటలు చాలు తల్లీ, కార్డులు ఇలా ఇచ్చెయ్యి, అవి సాల్మన్‌వి, పాసింజరు వేళయింది, అని బాబాయి కట్టలు అందుకుంటూ లిడియా వైపు వంగాడు, చెవి దగ్గర, ఎవరికీ వినపడకుండా, వెనక్కి పిలుచుకోవచ్చన్న రూలు దానికి చెప్పలేదేమ్మా, నేను రైల్లో చదివాను, అన్నాడు, అంటే తెలిసి కూర్చున్నాడు, తెలిసే చూశాడు, ఇప్పుడు లేచి నిలబడి అందరికీ చెబుతాడు, చెబితే బాగుండును అని ఒక్క క్షణం నిజంగా అనిపించింది, బాబాయి తల మీద చెయ్యి వేశాడు, నాన్న చెయ్యంత బరువుంది, పర్లేదులే, నీకు లోకం తెలుసు, మా ఇంట్లో నెగ్గుకొస్తావు, సాల్మన్‌తో మాత్రం జాగ్రత్త, వాడు నీకంటే ముదురు, అని నవ్వి లేచాడు, అక్కా, పెద్దదాన్ని నేను తీసుకెళ్తున్నా, అదేంట్రా, నాకే మంచిది దొరికింది, అని అత్త బిందు చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి తిప్పి చూసింది, సంతలో బెండకాయ విరిచి చూసినట్టు, చెప్పిన మాట నమ్మే పిల్ల, ఎందుకు ఏమిటని అడగదు, షెడ్డులో అలాంటివాళ్ళే నిలబడతారు, ఏమ్మా బిందూ, మా ఇంటికొస్తావా, అక్క కూడానా అత్తా, అక్క తర్వాత వస్తుందిలే, అంది అత్త, బిందు అత్త మొహం చూడలేదు, అక్క మొహం చూసింది, నిజమేనా అక్కా, తర్వాత వస్తావా, వస్తాను, అంది లిడియా, ఇది కూడా వణకలేదు, ఆదివారమా, ఆదివారం, అయితే సరే, అని బిందు గౌనులు సర్దుకోవడానికి లోపలికి పరిగెత్తింది, ఇంకొక మాట అడగలేదు, ఏ ఆదివారమని కూడా అడగలేదు, గుమ్మంలో దాని చెప్పొకటి జారితే వెనక్కి తిరగకుండా ఒంటి చెప్పుతోనే లోపలికి పోయింది, లిడియా చాప చుట్టడానికి వంగింది, మోకాలికి అతుక్కున్న కాగితం ఊడి కింద పడింది, బాబాయి తీసుకుని మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు, ఆ పెట్టె ఏలూరు వెళ్తుంది, అక్కడ ఆ కాగితం సాల్మన్ చదివేస్తాడు, బాబాయి చదివాడు, పిన్ని చదవకుండానే తెలుసుకునే రకం, ఆ ఇంట్లో తను ఏ మాట చెప్పినా ముందు కాగితం చూసుకుని తర్వాత తన మొహం చూస్తారు, రేపటి నుంచి కిటికీ పక్కన కూర్చుని చదివే ప్రతి అక్షరమూ తను కూడా అలాగే రెండోసారి సరిచూసుకోవాలి, ఎవరు ఏం చెప్పినా నమ్మకూడదు, నమ్మితే ఓడిపోతుంది, తనకు తెలుసు ఎలా ఓడిపోతారో, దగ్గర కూర్చుని చూసింది, లోపల బిందు ఏదో పాట కూనిరాగం తీస్తూ బీరువా తలుపు లాగుతోంది, ఆ తలుపు చప్పుడు వింటూ లిడియాకు అర్థమైంది, చెల్లి ఓడిపోయింది ఆట రాక కాదని, చెప్పింది అక్క కాబట్టి ఓడిపోయిందని, అలా తన మాట మీద ఓడిపోయే మనిషి ఇంక పుట్టదని.