ఒకటో నంబరు సంతకం

పోయినేడు పదో తరగతి వాళ్లు ఫేర్‌వెల్‌కి డీజే పెట్టి, తన్నుకుని, ల్యాబ్ అద్దాలు పగలగొట్టారు. పగలగొట్టిన మహానుభావులు హాయిగా కాలేజీల్లో తిరుగుతున్నారు, ఫేర్‌వెల్ రద్దనే శిక్ష మాత్రం ఈ ఏడాది పిల్లలకు. కోదాడ దగ్గరి ఆ సర్కారు హైస్కూల్లో ముప్పై ఎనిమిది మంది కాళ్లావేళ్లా పడితే గానీ హెడ్మాస్టరు జనార్దన్ సారు మెత్తబడలేదు.

"ఏమేం చేస్తరో పాయింట్లు పెట్టి లెటర్ రాసియ్యండి. అందరూ సంతకం పెట్టాలె. ఒకటో నంబర్ల ఎవరుంటే బాధ్యత వాళ్లది. జర తేడా వచ్చినా వాళ్ల కాండక్ట్ సర్టిఫికెట్ మీద రాస్త. నాలుగింటి దాంక టైం."

చేతిరాత బాగుంటుందని రాసే పని వైష్ణవి నెత్తిన పెట్టారు. గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, విషయం, వీడ్కోలు సభకు సూచనలు, అని పద్ధతిగా మొదలుపెట్టింది. డీజే ఉండదు. మా గదికి మేమే సున్నం వేసి తొమ్మిదో తరగతికి అప్పజెబుతాము. చివరి పాయింటు ఆమె సొంతం: మార్కులతో సంబంధం లేకుండా ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి స్టేజీ మీదికి పిలవాలి.

కాగితం గదంతా తిరిగి వచ్చింది. రెండు నుంచి ముప్పై ఎనిమిది దాకా గడులన్నీ నిండాయి, ఒకటో నంబరు ఖాళీ. పాండు ఒక్కడే ఇంకా పెట్టలేదు. వైష్ణవి తన సంతకం నాలుగో నంబర్లో పెట్టుకుంది. సూర్యాపేట గురుకుల కాలేజీలో సీటు మీద ఆశ ఆమెకు. ఉంటే ఉండనీ, రాసిన మనిషే నాలుగో నంబర్లో దాక్కుంటే మిగతావాళ్లనేం అంటాం?

"రాసినదానివి నువ్వే గదా, పెట్టు," అన్నాడు శ్రీకాంత్.

"కెప్టెన్‌వి నువ్వు గదా, నువ్వు పెట్టు."

మూడూ నలభై అయింది. ఎవరూ పెన్ను ముట్టరు.

వెనక బెంచీ నుంచి పాండు లేచాడు. సారు బండి తీసి గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు కొట్టి, మూడు రోజులు సస్పెండైన ఘనుడు వాడు. వాళ్ల అమ్మ మోతీబాయి ఆ బడిలోనే మధ్యాహ్నం వంట చేస్తుంది.

"ఇటియ్యి. నా కాండక్ట్ ఎట్లనో ఖరాబే, ఇంక కొత్తగ పోయేదేమున్నది," అని ఇంటిపేరుతో సహా గడి నిండా రాశాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. వైష్ణవికి గుండెల మీంచి బండ దిగినట్టయింది.

ఆఫీసు రూములో వైష్ణవి ఇచ్చిన ఉత్తరం చదువుతూ జనార్దన్ సారు సున్నం దగ్గర తల ఊపారు. తర్వాత ఒకటో నంబరు చూశారు.

"వీడా బాధ్యత తీసుకునేది? నన్ను పిచ్చోణ్ని చేస్తున్నరా?" అని కాగితం ముందుకు తోశారు. "ఆ రోజు పాండు రాడని రాసియ్యి, ఇప్పుడే మంజూరు చేస్త. లేకుంటే ఖతం."

గోడ గడియారంలో నాలుగుకు మూడు నిమిషాలుంది. కిటికీ అవతల పిల్లలంతా గుమిగూడి ఉన్నారు. సరే సార్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం వాడు రాకపోతే ఏం మునిగిందిలే అనిపించింది కూడా. అలా అనిపించినందుకే ఒళ్లు మండింది ఆమెకు.

"వాడు రాకుంటే చివరి పాయింటు అబద్ధమైతది సార్," అంది. సారు టేబుల్ మీది పెన్ను తీసుకుని పాండు పేరు మీద గీత కొట్టి, పక్కన తన పేరు రాసి, నాలుగో నంబర్లో తన సంతకం కొట్టేసింది. "బాధ్యత నాది. వాడిది గూడ నాదే. నాలుగో నంబర్ల వాడితో పెట్టిస్త."

సారు కాగితం తన వైపు లాక్కున్నారు. 'అనుమతించడమైనది' అని రాసి సంతకం పెట్టారు.

"తేడా వస్తే సూర్యాపేట సీటు మర్చిపో. తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే లాభం లేదు."

వైష్ణవి కాగితం పట్టుకుని బయటికొచ్చింది. తన మీద తనకే గర్వంగా ఉంది. పిల్లలు ఎగిరి గంతులేశారు. వాళ్లను తోసుకుంటూ పాండు వచ్చాడు.

"నా పేరు సూసిండా సారు? ఒకటో నంబర్ల నాదే ఉన్నదని మా అమ్మకు చెప్పొచ్చిన. ఏ లిస్టులనైనా నా పేరు ముందుండుడు ఇదే ఫస్టు. ఒకటే నవ్వుతున్నది గాడ."

వంటగది గుమ్మంలో మోతీబాయి గిన్నెలు కడగడం ఆపి ఇటే చూస్తోంది. సారు పెట్టిన షరతు చెబితే వాడికి అర్థమయ్యేదే, కానీ అది ఇంకా పెద్ద దెబ్బ. వైష్ణవికి కాగితం దాచాలనిపించింది, దాచలేకపోయింది.

"కొట్టేసిన పాండూ. నేనే కొట్టేసిన."

వాడు కాగితం తీసుకుని తన పేరు మీది గీతను చూశాడు. నవ్వు మెల్లగా పోయింది.

"మంచిగనే చేసినవ్. నీ పేరుంటేనే సారు నమ్ముతడు. నన్ను యాడ పెట్టమంటవ్?"

నాలుగో నంబరు చూపించింది. ఈసారి ఇంటిపేరు లేకుండా రెండక్షరాలు గీకి కాగితం తిరిగిచ్చాడు.

"మా అమ్మకు మాత్రం చెప్పకు," అన్నాడు.

వైష్ణవి చెప్పనని తల ఊపింది. మోతీబాయి చెయ్యెత్తి పిలుస్తుంటే పాండు నవ్వుతూ అటు పరిగెత్తాడు.